బోర్లించిన కప్పులు

మంగళవారం సాయంత్రం కాలేజీవాళ్ళు కొత్త కోచ్ పేరు బయటపెట్టారు. అప్పటినుంచి ఆల్డర్ ఫెర్రీ ఊళ్ళో మరో మాట లేదు. పేరు గ్యారెట్ లూమిస్. పద్దెనిమిదేళ్ళ కిందట ఇదే కాలేజీకి బాస్కెట్‌బాల్ ఆడినవాడు. లీగ్ ఫైనల్లో జట్టు ఒక్క పాయింటు వెనకబడి, ఆట ఇంకో రెండు సెకన్లలో ముగుస్తుందనగా, ఎవరూ అడ్డురాని చోట ఒంటరిగా నిలబడి రెండు ఫ్రీ త్రోలు వేసి, రెండూ పోగొట్టినవాడు. రెండూ పడి ఉంటే జట్టు మొదటిసారి జాతీయ పోటీలకు వెళ్ళేది. అలాంటి అవకాశం మళ్ళీ రాలేదు. ఊరు ఆ బాధను పాతిపెట్టలేదు, రోజువారీ వాడకంలో పెట్టుకుంది. పిల్లాడు పాలు ఒలకబోస్తే ‘లూమిస్ చేశావురా’ అంటారు. మేకు వంకరపోతే లూమిస్. పెళ్ళిలో ఉంగరం జారి కిందపడితే లూమిస్.

ఆ లూమిస్‌కి ఈ ఊళ్ళోనే ఒక అక్క ఉంది. నెల్డా. నది ఒడ్డున, ధాన్యం గిడ్డంగుల పక్కన హోటల్ నడుపుతుంది. బుధవారం పొద్దున్న హోటల్ తలుపు తీసేసరికి గడప మీద గాలి తీసేసిన రెండు బంతులు ఉన్నాయి. గురువారం రేడియోలో అభిమానుల కార్యక్రమానికి ఫోన్ చేసిన ఒకాయన, వీడికంటే మా వీధికుక్కను పెట్టుకున్నా బావుండేది, అది కనీసం బంతిని నోట కరుచుకుంటే వదలదు, అన్నాడు.

నెల్డా ఆ కుక్క మాటకు నవ్వింది. నవ్వడం ఆమెకు అలవాటు. తమ్ముడు ఊరు విడిచి వెళ్ళిన కొత్తలోనే ఆమె ఒక సంగతి కనిపెట్టింది. ఎదుటివాడు నవ్వేలోపు మనమే నవ్వేస్తే ఆ నవ్వు మన మీద పడదు, పక్కనుంచి పోతుంది. అందుకని హోటల్లో ఎవరి చేతిలోంచి చెంచా జారినా ‘లూమిస్’ అని ముందుగా అనేది ఆమే. నెల్డాకి రోషం లేదు, మంచి మనిషి, అని ఊరు మెచ్చుకుంది. కొన్నేళ్ళకు అది తన ఇంటిపేరే అన్న సంగతి ఆమెకు గుర్తుండేది కాదు. దాన్ని గుర్తుంచుకోకుండా ఉండడానికి ఎంత కష్టపడుతోందో మాత్రం, పక్క మీద వాలాక దవడలు నొప్పి పుట్టినప్పుడు తెలిసేది.

శుక్రవారం గ్యారెట్ ఊళ్ళోకి వచ్చాడు. హైవే పక్కన లాడ్జిలో దిగాడు. ఇంటికి రమ్మని నెల్డా పిలవలేదు. అతనూ అడగలేదు.

ఇక శనివారం కప్పుల రోజు.

కొత్త కోచ్ వచ్చిన మొదటి శనివారం అభిమానులంతా నెల్డా హోటల్లో టిఫినుకు కూర్చుంటారు. కాఫీ కోచ్ పోయాలి. బల్లల మీద కప్పులన్నీ ముందే బోర్లించి ఉంటాయి. అతను జగ్గు పట్టుకుని ఒక్కొక్కరి దగ్గరికి వస్తే, ఒప్పుకున్నవాళ్ళు తమ కప్పు వెల్లకిలా తిప్పి ముందుకు జరుపుతారు. ఒప్పుకోనివాళ్ళు ఏమీ చేయక్కర్లేదు. చేతులు ఒడిలో పెట్టుకుని కూర్చుంటే చాలు. ఇంతకుముందు వచ్చిన కోచ్‌లకు అక్కడొకటి ఇక్కడొకటి కప్పు తిరగకుండా ఉండిపోయేది. దాన్ని తలుచుకుని వాళ్ళు నెలల తరబడి బాధపడేవాళ్ళు.

ఎనిమిది కొట్టేసరికి హోటల్ కిక్కిరిసిపోయింది. గ్యారెట్ వెనక తలుపు నుంచి వచ్చాడు. జట్టు నీలం కోటు వేసుకున్నాడు. జుట్టు పలచబడింది. నెల్డా జగ్గు నింపి ఇచ్చింది. ఇద్దరి వేళ్ళూ తగిలాయి. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. ఎవరైనా చూశారేమోనని అటూ ఇటూ చూసింది. చూసినందుకు తనను తాను అసహ్యించుకుంది. ఆ అసహ్యం కూడా పాతదే, దానికీ ఆమెలో ఒక చోటుంది, అక్కడికి వెళ్ళి కూర్చుంది.

మొదటి బల్ల వర్లిన్ టాకెట్‌ది. అభిమానుల సంఘానికి పెద్ద. ధాన్యం గిడ్డంగుల్లో పనిచేసి రిటైరైనవాడు. ఆటలు జరిగే కాలేజీ జిమ్‌లో జట్టు బెంచీకి సరిగ్గా వెనక ఉండే సీటు అతనిది.

“కాఫీ, వర్లిన్ గారూ?”

“ఏం అబ్బాయ్, బావున్నావా?”

“బావున్నానండీ.”

“మేమూ బావున్నాం. నువ్వెళ్ళినప్పట్నుంచీ మరీ బావున్నాం.”

చుట్టూ నవ్వులు. గ్యారెట్ జగ్గు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. “పొయ్యమంటారా?”

“నీ ఇష్టం. కానీ చూసుకో, ఇక్కడ నీకు అడ్డం ఎవరూ లేరు. అడ్డం లేనప్పుడే కదా నీకు కష్టం.”

ఈసారి నవ్వు వంటింటిదాకా వినిపించింది. వర్లిన్ నవ్వలేదు. రెండు చేతులూ తొడల మీద పెట్టుకుని బోర్లించిన కప్పుకేసి చూస్తూ ఉండిపోయాడు. గ్యారెట్ పక్క బల్లకు జరిగాడు.

అక్కడ ఒకాయన నాకు టీ అలవాటు బాబూ అన్నాడు. ఇంకొకాయన ప్లేటులో గుడ్డును ముక్కలు కోస్తూ తల ఎత్తలేదు. ఒకావిడ మొగుడితో వాతావరణం గురించి మాట్లాడుతూనే ఉంది, గ్యారెట్ నిలబడినంతసేపూ మాట్లాడింది, అతను కదలగానే ఆపేసింది. నెల్డా కౌంటర్ వెనక నిలబడి చూస్తోంది. తిట్టేవాళ్ళు ఎవరూ లేరు. తిట్టి ఉంటే తేలికయ్యేది. తిట్టినవాడు తిట్టేటప్పుడైనా మన మొహంలోకి చూస్తాడు.

కిటికీ పక్కన ఓపల్ రీసర్ కూర్చుంది. ఎనభై దాటిన మనిషి. ఆ ఫైనల్ నాటికి జట్టుకు కోచ్‌గా ఉన్నది ఆమె భర్త. ఆయన పోయి చాలాకాలమైంది. కౌంటర్ పైన గోడకు ఆయన ఫోటో ఉంటుంది, ఊళ్ళోవాళ్ళు దాని కింద నిలబడి డబ్బులిచ్చేటప్పుడు టోపీ తీస్తారు. ఊరికి దేవుడెంతో రీసర్ అంత. ఓపల్ ఒళ్ళో ఊలు ఉంది, ఏదో అల్లుతోంది.

“నాయనా, చెయ్యి వణుకుతోందే,” అంది గ్యారెట్‌తో. గొంతులో వెన్న ఉంది. “ఆ రోజూ ఇలాగే వణికిందా?”

“లేదండీ. ఆ రోజు వణకలేదు.”

“వణక్కుండానే అంత పని చేశాడు,” అన్నారెవరో వెనకనుంచి. మళ్ళీ నవ్వులు.

ఓపల్ అతని మణికట్టు మీద రెండు వేళ్ళు ఆనించింది. మనవడిని ముద్దుచేసినట్టు. “మా ఆయనుంటే తిప్పేవాడేమో నాయనా. నేను తిప్పలేను. ఏమీ అనుకోకు.”

“అనుకోనండీ.”

“మంచివాడివి,” అని ఆమె మళ్ళీ ఊలు అందుకుంది.

హోటల్ మొత్తంలో తిరిగి ఉన్న కప్పు ఒక్కటే. మూల బల్ల దగ్గర క్రెయిగ్ బెల్నాప్‌ది. కాలేజీ క్రీడల డైరెక్టర్. గ్యారెట్‌ను తీసుకున్నది అతనే. ఎవరూ అడగకముందే తిప్పి పెట్టుకున్నాడు. అతన్ని చూస్తుంటే నెల్డాకి ఏదో పొసగలేదు. తను ఎంచి తెచ్చుకున్న మనిషికి ఇంత అవమానం జరుగుతుంటే మొహం మాడాలి. బెల్నాప్ మొహం మాడలేదు. ప్రతి బల్ల దగ్గరా కప్పు తిరగకుండా ఉండిపోతున్నకొద్దీ అతని భుజాలు కాస్త కాస్త సడలుతున్నాయి. పంటిపోటు తగ్గుతున్నవాడిలా ఉన్నాడు.

వర్లిన్ లేచి నిలబడ్డాడు. అతను లేస్తే మాటలు ఆగిపోతాయి.

“అబ్బాయ్, మేం నిన్ను ఏమీ అనం,” అన్నాడు. “గోల చెయ్యం. అట్టలు రాసి పట్టుకోం. నీ కిటికీ మీద రాళ్ళెయ్యం. మేం రాం. అంతే. ఈ చలికాలమంతా జిమ్ ఖాళీ. నువ్వు బంతి నేలకేసి కొడితే ఆ చప్పుడు గోడలకి తగిలి తిరిగి నీకే వినబడుద్ది. ఆ చప్పుడేంటో నీకూ తెలియాలి. మా నాన్న ఆస్పత్రి మంచం మీద రేడియో చెవికి ఆనించుకుని పడుకున్నాడా రోజు. ఆయన విన్న ఆఖరి చప్పుడు, బంతి రింగుకి కొట్టుకున్న చప్పుడు. రెండుసార్లు విన్నాడు. తర్వాత ఆయన మరేం వినలేదు.”

నెల్డా ఈ మాటలు చాలాసార్లు విన్నది. చెప్పగా చెప్పగా అవి ఏటి రాళ్ళలా నున్నబడ్డాయి. అయినా కింద ఉన్న బాధ అబద్ధం కాదు. వర్లిన్ తండ్రిని ప్రేమించాడు, ఆ ప్రేమ పెట్టుకోవడానికి అతనికి మరో చోటు దొరకలేదు, తెచ్చి గ్యారెట్ మీద పెట్టాడు. ఎక్కడో ఒకచోట పెట్టాలి కదా మనిషి. నెల్డా అతన్ని ఏనాడూ ద్వేషించలేకపోయింది. అది ఆమె మంచితనం కాదు. ద్వేషిస్తే రేపు అతనికి చిరునవ్వుతో గుడ్లు వడ్డించడం కష్టమవుతుంది.

“మా అందరి మాటా అదే,” అన్నాడు వర్లిన్. కుర్చీలు కదిలాయి. తలలు ఊగాయి.

గ్యారెట్ జగ్గు పట్టుకుని కౌంటర్ దగ్గరికి వచ్చాడు. ఆఖరి కప్పు హోటల్ మనిషిది. అది నెల్డా ముందే ఉంది, అన్నిటిలాగే బోర్లించి.

అందరూ చూస్తున్నారు. ఇందాకటిదాకా గ్యారెట్‌ను చూడని కళ్ళన్నీ ఇప్పుడు ఆమెను చూస్తున్నాయి. నెల్డాకి తన కుడిచెయ్యి బరువు తెలిసింది. దాన్ని ఎత్తి కప్పు మీద పెట్టడమెంతసేపు. పెడితే రేపట్నుంచి ఈ బల్లలు ఖాళీ. అది కాదు అసలు భయం. రేపట్నుంచి ఎవరి చేతిలోంచైనా చెంచా జారితే, వాళ్ళు ఆమెకేసి చూసి, ఆ మాట అనకుండా ఆగిపోతారు. ఆ ఆగిపోవడాన్ని ఆమె భరించలేదు.

“నాకొద్దురా,” అంది. “కడుపులో మంట. కాఫీ మానేశాను.”

రోజూ పొద్దున్నే అందరి ముందూ రెండు కప్పులు తాగే మనిషి ఆ మాట అనేసరికి హోటల్ ఘొల్లుమంది. బల్లలు చరిచారు. ఒకాయనకు దగ్గు వచ్చింది. ‘నెల్డా అంటే నెల్డాయే’ అన్నారు. ఆమె కూడా నవ్వింది. అందరికంటే ముందు నవ్వింది. గ్యారెట్ కూడా కాస్త నవ్వి, తల ఊపి, ఒక్క కప్పు మాత్రం తగ్గిన జగ్గుతో వంటింట్లోకి వెళ్ళిపోయాడు.

కొంచెంసేపాగి ఆమె వెనకే వెళ్ళింది. అతను పెనం మీద మిగిలిన బంగాళదుంప ముక్క తీసి నోట్లో వేసుకుంటున్నాడు.

“మంట ఎప్పట్నుంచక్కా?”

“ఇప్పట్నుంచే.” ఆమె గోడకేసి చూస్తూ చెప్పింది. “ఎందుకొచ్చావురా ఈ ఊరికి? ఇంకెక్కడా ఉద్యోగాలు లేవా?”

“లేవు. పదేళ్ళుగా హైస్కూలు పిల్లలకి నేర్పుతున్నా. కాలేజీ నుంచి నాకొచ్చిన మొదటి ఫోనిది.”

“ఆ బెల్నాప్ మొహం చూశావా? వీళ్ళంతా నిన్ను కాదంటుంటే ఆయన సంతోషపడుతున్నాడు.”

“చూశా.” అతను ఇంకో ముక్క తీసుకున్నాడు. “ఆయన పని జరిగింది మరి. కాలేజీవాళ్ళు జట్టును ఎత్తేద్దామనుకుంటున్నారక్కా. ఊరికే ఎత్తేస్తే ఊరు వాళ్ళను బతకనివ్వదు. అదే జనం రాక ఎత్తేస్తే తప్పు జనానిది. జనం రాకుండా ఉండాలంటే ఎవర్ని పెట్టాలి?”

నెల్డాకి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక పిండి డబ్బా మీద కూర్చుంది. అవతల హాల్లో వర్లిన్ గొంతు వినిపిస్తోంది, జిమ్‌లో తమ సీట్లు వదులుకుంటామని ఎవరెవరి చేత ఎప్పుడు చెప్పించాలో మాట్లాడుతున్నాడు. గ్యారెట్‌ను శిక్షిస్తున్నాననుకుంటూ, తన తండ్రి ప్రాణంగా చూసుకున్న జట్టు గొంతు తనే నులుముతున్నాడు.

“నీకు ముందే తెలుసా?”

“బెల్నాప్ చెప్పలేదు. నన్ను పిలిచినప్పుడే తెలిసింది. నా గొప్ప చూసి పిలుస్తారా ఎవరైనా?”

“తెలిసి వచ్చావా?”

“జట్టులో పిల్లలు మంచోళ్ళక్కా. వాళ్ళ ఆట చూశాను.” మొదటిసారి అతని గొంతు మారింది, వెంటనే సర్దుకున్నాడు. “జిమ్ నిండితే ఎత్తెయ్యలేరు. నిండాలి. అంతే.”

“ఎలా నిండుద్ది? విన్నావుగా. రారు వాళ్ళు.”

“ఇప్పుడున్న కోపం చాల్లేదు. ఇది ఇంట్లో కూర్చునే కోపం. ప్రేమ ఉన్నోడు ఒక ఆట మానేస్తాడు, రెండాటలు మానేస్తాడు. పగ ఉన్నోడు మానడు. నేను ఓడిపోవడం కళ్ళారా చూడాలని వాన అయినా మంచు అయినా వస్తాడు.” చెయ్యి తుడుచుకున్నాడు. చెయ్యి ఇప్పుడు వణకడం లేదు. “నువ్వెళ్ళి వాళ్ళకి చెప్పు. ఆ రోజు ఆ రెండూ నేను కావాలనే వదిలేశానని చెప్పు.”

నెల్డా తల ఎత్తింది.

“నేను చెప్తే సాకంటారు,” అన్నాడు. “నువ్వు చెప్తే నమ్ముతారు. ఇందాక నువ్వు చేసిన పనికి నీమీద నమ్మకం ఇంకా పెరిగింది.”

ఆ మాట అతను మామూలుగానే అన్నాడు. దెప్పడానికి అని ఉంటే ఆమెకు ఊరటగా ఉండేది. వాడికి అక్క పిరికితనం మీద కోపం లేదు, దాన్ని పనిముట్టులా చేతిలోకి తీసుకుని పదును చూస్తున్నాడు. ఎక్కడ నేర్చుకున్నాడు ఇదంతా. ఆమెకు తెలిసిన పిల్లాడు పడిపోయిన పిచ్చుక గూడు చూసి అన్నం మానేసినవాడు. లేక తనే అలా అనుకుంటూ వచ్చిందా. వాడి చెయ్యి వణికింది పాపం, చిన్నవాడు, అంతమంది అరుస్తుంటే ఏం చేస్తాడు, అనుకుంటూ. పద్దెనిమిదేళ్ళు ఆమె ఊరితో కలిసి నవ్వగలిగిందంటే, లోపల ఆ ఒక్క మాట పెట్టుకునే.

“అబద్ధమే కదా అది?” అంది.

అతను కుళాయి తిప్పి చేతులు కడుక్కోవడం మొదలుపెట్టాడు.

“ఒరేయ్ గ్యారెట్. నిన్నే.”

“వాళ్ళు నమ్మితే చాలక్కా. అబద్ధమో కాదో నీకెందుకు?”

అబద్ధమే అని మాత్రం అనలేదు. నెల్డా లేచి అతని వీపు చూస్తూ నిలబడింది. అడగాల్సింది ఇంకా ఉంది, కానీ హాల్లో కుర్చీలు జరుగుతున్న చప్పుడు వినిపించింది. వెళ్ళిపోతున్నారు. ఇప్పుడు వెళ్తే వీళ్ళంతా ఒక్కచోట మళ్ళీ దొరకరు. ఆమె తలుపు తోసుకుని బయటికి వచ్చింది. తమ్ముడి కోసం వస్తోందా, వాడి మీద కసి తీర్చుకోవడానికి వస్తోందా, ఆ నాలుగడుగుల్లో ఆమెకే తెలియలేదు. రెండూ ఒకే దారిన నడుస్తున్నాయి.

వర్లిన్ కోటు ఒక చేతికి తొడుక్కుని రెండో చెయ్యి వెతుక్కుంటున్నాడు.

“కూర్చో వర్లిన్,” అంది. “ఆ ఫైనల్ సంగతి ఒకటి మీకెవరికీ తెలీదు. విన్నాక పోదువుగాని.”

ఆమె గొంతులో నవ్వు లేకపోవడం ఆ ఊరు వినడం అదే మొదటిసారి. వర్లిన్ కూర్చున్నాడు. బెల్నాప్ కప్పు కింద పెట్టాడు.

“మా తమ్ముడు ఆ రెండు త్రోలు పోగొట్టలేదు. కావాలని వదిలేశాడు.”

వర్లిన్ మొహంలో రక్తం దిగిపోయి, మళ్ళీ మెల్లగా పైకి రావడం నెల్డా చూసింది. గ్యారెట్ చెప్పింది నిజమే. ఇలాంటి మొహమున్నవాడు ఇంట్లో కూర్చోడు. వస్తాడు. ప్రతి ఆటకూ వస్తాడు. పని జరిగిపోయింది, అనుకుంది నెల్డా, ఆమె కడుపులో నిజంగానే మంట మొదలైంది.

“ఎవరు చెప్పారమ్మా నీకు?” అంది కిటికీ పక్కనుంచి ఓపల్ రీసర్. వేళ్ళు ఆగలేదు, ఊలు కదులుతూనే ఉంది.

“వాడే.”

“వాడు చెప్పాడా.” ఓపల్ ఆ వరస చివరిదాకా అల్లి, సూదులు రెండూ కలిపి ఒళ్ళో పెట్టుకుంది. గొంతులో అదే వెన్న. “చెప్పడనుకున్నాను. ఇన్నేళ్ళూ నోరు కట్టుకుని ఉన్నవాడు. పోనీలే. చెప్పినవాడు సగమే ఎందుకు చెప్పాడో.”

“సగమేంటి మామ్మా?” అన్నాడు వర్లిన్. అతని గొంతు గుర్తుపట్టేలా లేదు.

“వదిలేయమన్నది మా ఆయన.”

నెల్డా వెనక వంటింటి తలుపు విసురుగా తెరుచుకుంది. గ్యారెట్ తడిచేతులతో గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఇందాక జగ్గుతో బల్లబల్లకూ తిరిగినప్పుడు కూడా అతని మొహంలో కనబడని భయం ఇప్పుడు కనబడుతోంది.

“మామ్మగారూ,” అన్నాడు, “మిగతాది చెప్పొద్దు. వాళ్ళ నాన్న సంగతి వర్లిన్ ముందు అస్సలు చెప్పొద్దు.”